స్కూల్ బస్సును ఇల్లు చేసుకున్నారా? దొంగల నుంచి కాపాడుకునే పద్ధతి ఇది

మా బస్సులో దొంగలు పడింది అది ఇంకా ఇల్లు కాకముందే. డాలస్‌కి ఉత్తరాన మేముండే కాలనీలో ఇంటి ముందు అంత పెద్ద బండి పెట్టుకోవడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) ఒప్పుకోదు. అందుకని ఊరి చివర ఒక స్టోరేజ్ స్థలం అద్దెకు తీసుకుని, శని ఆదివారాలు అక్కడే పని చేసుకునేవాళ్ళం. ఒక శనివారం వెళ్ళేసరికి వెనక ఎమర్జెన్సీ తలుపు బార్లా తెరిచి ఉంది. డ్రిల్లు, రంపం, రెండు లిథియం బ్యాటరీలు పోయాయి. తలుపు మీద ఒక్క గీత లేదు. హ్యాండిల్ తిప్పారు, ఎక్కారు, కావలసినవి పట్టుకుని దిగిపోయారు.

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. అమెరికాలో స్కూల్ బస్సు తయారయ్యేదే ప్రమాదంలో పిల్లలు క్షణాల్లో బయటపడేలా, బయటివాళ్ళు ఎక్కి వాళ్ళని దించేలా. ఎమర్జెన్సీ దారులకు ఫెడరల్ భద్రతా ప్రమాణం 217 ఉంది. ఎమర్జెన్సీ తలుపుకి తాళం పడి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాకూడదని కూడా అందులో ఉంది. అలాంటి బస్సును మనం వేలంలో కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, సోలార్ పెట్టుకుని ఇల్లు అంటాం. తలుపులు మాత్రం ఇంకా బడి పిల్లల తలుపులే.

అందుకే నేను ప్రతి తాళాన్నీ రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇది దొంగకి ఎంత ఆలస్యం చేస్తుంది? లోపల పడుకున్న నేను చీకట్లో, పొగలో, తాళంచెవి లేకుండా దీన్ని తీయగలనా? చాలామంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు. రెండోది మర్చిపోతే దొంగ కంటే ఆ తాళమే ప్రమాదం.

1. ముందు మీరే దొంగలా బస్సు చుట్టూ తిరగండి

ఒక సాయంత్రం తాళంచెవులన్నీ ఇంట్లో పెట్టి, ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని బస్సు దగ్గరికి వెళ్ళండి. చేతులతో, మహా అయితే ఒక స్క్రూడ్రైవర్‌తో, ఎన్ని చోట్ల నుంచి లోపలికి వెళ్ళొచ్చో చూడండి. ముందు మడత తలుపు, వెనక తలుపు, కొన్ని బస్సుల్లో పక్కన ఉండే ఎమర్జెన్సీ తలుపు, పైకప్పు హ్యాచ్‌లు (పైకి తెరుచుకునే చిన్న తలుపులు), బయటికి తోసే ఎమర్జెన్సీ కిటికీలు, డ్రైవర్ పక్క కిటికీ. ఇవి మనుషులు దూరే దారులు. స్టార్టింగ్ బ్యాటరీల పెట్టె, డీజిల్ మూత, కింద బిగించిన సామాన్ల పెట్టెలు, నీళ్ళ కనెక్షన్ల మూతలు వస్తువులు పోయే దారులు. అన్నీ కాగితం మీద రాయండి. మా బస్సుకి ఇలాంటివి 19 తేలాయి. అన్నీ ఒకేసారి బాగుచేయలేం. శబ్దం లేకుండా, పనిముట్టు లేకుండా తెరుచుకునేవాటి ఎదుట గుర్తు పెట్టుకుని వాటితో మొదలుపెట్టండి.

2. ముందు తలుపు

మడత తలుపుకి మామూలుగా సరైన తాళం ఉండదు. చేత్తో లాగే పొడవాటి లీవర్ రకమైతే ఆ లీవర్ ఉన్నచోటే తలుపును పట్టి ఉంచుతుంది. గాలితో నడిచే రకమైతే ట్యాంకులో గాలి తగ్గగానే తలుపు వదులైపోతుంది, చేత్తో తోసినా తెరుచుకుంటుంది. కాబట్టి గాలిని తాళంగా నమ్మకండి.

పాత తలుపే ఉంచుకోవాలంటే బయట గొళ్ళెం పట్టీ, దానికి గుండ్రటి డిస్క్ తాళంకప్ప పెట్టండి. డిస్క్ రకానికి ఉక్కు కొక్కెం బయటికి పెద్దగా కనపడదు కాబట్టి కట్టర్ పట్టదు. అసలు సంగతి తాళంకప్పలో కంటే పట్టీ బిగించడంలో ఉంది. బస్సు ఒంటి రేకు పలచన. దానికి స్క్రూలు కొట్టి పట్టీ బిగిస్తే చిన్న గునపంతో ఒక్క తన్నుకి రేకుతో సహా ఊడి వస్తుంది. బోల్టు రేకులోంచి ఇటునుంచి అటు వెళ్ళాలి, లోపలివైపు మందపాటి ఇనుప పలక పడాలి, దాని మీద నట్టు బిగించాలి. బయట కనిపించే బోల్టు తల నున్నగా గుండ్రంగా ఉండాలి, పానా పట్టడానికి అంచు దొరకకూడదు.

ఈ గొళ్ళెం మీరు బస్సు దిగి వెళ్ళేటప్పుడు వేసేది. లోపల పడుకునేటప్పుడు వేసుకోవడానికి లోపలివైపు గడియ వేరే ఉండాలి.

మేము చివరికి మడత తలుపు తీసేసి ఇళ్ళకి వాడే రకం ఇనుప తలుపు పెట్టించాం. అలా చేసేవాళ్ళు మూడు విషయాలు చూసుకోండి. తలుపు బయటికి తెరుచుకుంటే కీలు మేకులు బయటికి వస్తాయి. వాటిని కొట్టి తీయలేని రకం కీళ్ళు అడిగి తెచ్చుకోండి. రెండు, తలుపులో అద్దం ఉంటే అద్దం పగలగొట్టి లోపలికి చేయి పెట్టి గడియ తిప్పేయొచ్చు. దీనికి భయపడి కొందరు రెండు వైపులా తాళంచెవి పట్టే డెడ్‌బోల్ట్ (చట్రంలోకి దిగే గడియ తాళం) పెడతారు. దయచేసి పెట్టకండి. నిద్రమత్తులో, పొగలో తాళంచెవి వెతకలేరు. దానికి బదులు అద్దం లోపలివైపు 6 మిల్లీమీటర్ల పాలికార్బనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) పలక బిగించండి. అద్దం పగిలినా పలక పగలదు, లోపలి గడియ చేత్తో తిప్పే రకంగానే ఉంటుంది. మూడోది చిన్నదే: తాళం పట్టే చట్రం కూడా బస్సు ఇనుప పక్కటెముకలకి కలవాలి. చెక్క చట్రంలో ఎంత మంచి తాళం పెట్టినా చెక్కే విరుగుతుంది.

3. వెనక తలుపు, పైకప్పు హ్యాచ్‌లు

మా బస్సును దోచింది ఈ తలుపు నుంచే కాబట్టి దీని మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువ.

కొన్ని బస్సులకు వెనక తలుపు లోపల వ్యాండల్ లాక్ అనే చిన్న గడియ ముందే ఉంటుంది. అది వేసి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు, బజర్ మోగుతుంది. ఉంటే అదే వాడుకోండి, దాని స్విచ్‌ని తీసేయకండి. ఉదయం బయల్దేరేటప్పుడు వెనక తలుపు గడియ తీయమని బస్సే గుర్తు చేస్తుంది. నడుస్తున్న బస్సులో వెనక తలుపు గడియపడి ఉండకూడదు. మీ బస్సుకి వ్యాండల్ లాక్ లేకపోతే లోపల బలమైన గడియ ఒకటి, పిల్లలు కూడా ఒక చేత్తో లాగగలిగేది, బిగించుకోండి. బయటి హ్యాండిల్ తీసేయడం ఇంకో మార్గం. చాలామంది అలాగే చేస్తారు, దొంగకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కాకపోతే ప్రమాదం జరిగినప్పుడు బయటివాళ్ళకి కూడా ఆ దారి పోతుందని తెలిసే చేయండి.

బయటి నుంచి వెనక తలుపుకి తాళంకప్ప మాత్రం వేయొద్దు. దొంగతనం జరిగిన కోపంలో నేను ఆ పని చేశాను. ఒక మధ్యాహ్నం ఓక్లహోమాలో ఆగినప్పుడు, సరుకులకి వెళ్తూ అలవాటు కొద్దీ ముందు తలుపుకీ వెనక తలుపుకీ తాళాలు వేసేశాను. మా నాన్నగారు వెనక మంచం మీద పడుకుని ఉన్నారు. ఆయన కూడా మా అమ్మతో పాటు కొట్టుకి వచ్చారనుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత ఆయన ఫోన్ చేసి, "బస్సులోంచి ఎలా దిగాలిరా?" అని నెమ్మదిగా అడిగారు. ఆ ఇరవై నిమిషాల్లో ఏ చిన్న మంట లేచినా ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. ఆ రోజే గొళ్ళెం కోసి పారేశాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం: బయటి తాళం వేసే మనిషి ముందు లోపలికి వెళ్ళి అందరి పేర్లూ గట్టిగా పిలవాలి.

అమెరికాలో ఆర్‌వీలకు, అంటే ఇల్లులా వాడే బళ్ళకు, వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్నిప్రమాద నివారణ సంస్థ) 1192 ప్రమాణం కూడా ముఖ్య ద్వారం కాకుండా ఇంకో అత్యవసర దారి ఉండాలంటుంది. మీరు ఇంట్లో కట్టుకున్న బస్సును ఎవరూ వచ్చి తనిఖీ చేయకపోవచ్చు. మీరే చేసుకోండి. మంచం వెనక తలుపుకి అడ్డం వస్తే, మంచం పక్కనున్న బయటికి తోసే కిటికీ అలాగే ఉంచుకోండి.

పైకప్పు హ్యాచ్‌లకు బయట కూడా హ్యాండిల్ ఉంటుందని చాలామందికి తెలియదు. అది తీసేసి రంధ్రం మూసేయండి, లోపలి హ్యాండిల్ పనిచేస్తే చాలు. వెనక నిచ్చెన పెట్టించుకున్నవాళ్ళు కింది సగం మడిచి తాళం వేసే రకం చూసుకోండి. మామూలు నిచ్చెన దొంగని సోలార్ ప్యానెళ్ళ దగ్గరికి, హ్యాచ్ దగ్గరికి నేరుగా తీసుకెళ్తుంది.

4. కిటికీలు

స్కూల్ బస్సు కిటికీలో పై అద్దం కిందికి జారుతుంది. పక్కనున్న రెండు క్లిప్పులే దాన్ని ఆపేవి. పాతబడ్డాక అవి వదులై, బయటినుంచి అద్దాన్ని ఊపితే జారిపోతాయి. దీనికి మందు ఒక కర్రముక్క. పై అద్దం కింద పట్టాలో సరిపోయేంత పొడవు కోసి నిలబెడితే అద్దం కిందికి రాదు. మా కిటికీలన్నిటికీ కలిపి పది డాలర్లు కూడా కాలేదు. లోపలినుంచి ఒక్క వేలితో తీసేయొచ్చు.

బస్సు కడుతున్న దశలోనే ఉంటే సగం కిటికీలు రేకుతో మూసేయడం గురించి ఆలోచించండి. ఎండా చలీ తగ్గుతాయి, కాపలా కాయాల్సినవీ తగ్గుతాయి. మిగిలినవాటికి 8 మిల్ (సుమారు 0.2 మిల్లీమీటర్ల) భద్రతా ఫిల్మ్ అతికిస్తే అద్దం పగిలినా రాలిపోదు, దొంగ చాలాసేపు కొడుతూ ఉండాలి. అత్యవసర కిటికీకి మాత్రం అంటించేటప్పుడు ఫిల్మ్ చట్రం మీదికి రాకుండా చూడండి, కిటికీ మొత్తం బయటికి తోసుకునేలా ఉండాలి.

తెరలు అన్ని వైపులా మందంగా ఉండాలి, ముఖ్యంగా ముందు పెద్ద అద్దానికి. లోపల ఏముందో, ఎంతమంది ఉన్నారో కనపడని బస్సును దొంగ సాధారణంగా వదిలేసి పక్కదానికి వెళ్తాడు.

5. బస్సే పోకుండా

నలభై అడుగుల బస్సును ఎవడు దొంగిలిస్తాడని అనుకోకండి. ఒకే కంపెనీ పాత బస్సులు చాలావాటికి ఒకటే ఇగ్నిషన్ తాళంచెవి. డ్రైవర్లు మారుతూ ఉంటారు కాబట్టి స్కూల్ డిస్ట్రిక్టులకి అదే సౌకర్యం. వేలంలో మీకు ఇచ్చిన తాళంచెవి లాంటివి ఎంతమంది దగ్గర ఉన్నాయో చెప్పలేం. ముందు ఇగ్నిషన్ సిలిండర్ మార్పించండి. ఆర్‌వీ సామాన్ల పెట్టెలకు వచ్చే తాళాలదీ ఇదే కథ. సీహెచ్ 751 అనే ఒకే తాళంచెవి అమెరికాలో లెక్కలేనన్ని ఆర్‌వీల పెట్టెలను తెరుస్తుంది. తాళం మీద ఆ అంకె కనిపిస్తే వెంటనే మార్చేయండి.

తర్వాత దాచిన స్విచ్, అంటే అది వేయనిదే బండి స్టార్ట్ కాదు. దీన్ని ఇంజన్ నడుస్తుండగా కరెంటు ఆపే చోట పెట్టకూడదు. దారి మధ్యలో స్విచ్ చెడితే హైవే మీద ఇంజన్ ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. స్టార్టర్ రిలేకి (ఇంజన్‌ను స్టార్ట్ చేసే మోటారుకి కరెంటు వదిలే భాగం) వెళ్ళే సన్న వైరును తెంచి మధ్యలో స్విచ్ పెట్టండి. ఇంజన్ ఒకసారి స్టార్ట్ అయ్యాక దానితో పనిలేదు, చెడిపోయినా నడుస్తున్న బండికి ఏమీ కాదు. స్విచ్ ఎక్కడుందో మీకూ ఇంకొకరికీ తప్ప తెలియకూడదు. డ్యాష్‌బోర్డ్ కింద మాత్రం పెట్టకండి, అందరూ మొదట తడిమేది అక్కడే.

ఎయిర్ బ్రేకులున్న బస్సుకి ఇంకో సహజమైన కాపలా ఉంది. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగులు, విడిపించేది గాలి. ట్యాంకులు ఖాళీగా ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసినా గాలి నిండేదాకా బండి కదలదు. ఖాళీ ట్యాంకులు నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అన్ని నిమిషాలు డీజిల్ ఇంజన్ గర్జిస్తూ ఉంటే దొంగకి అంతకంటే నరకం లేదు. ట్యాంకుల కింద ఉన్న వాల్వు తీసి గాలి వదిలేయండి. ఎలాగూ లోపల చేరిన నీళ్ళు పోవడానికి అప్పుడప్పుడు చేయాల్సిన పనే. హైడ్రాలిక్ బ్రేకుల బస్సుకి ఇది వర్తించదు, వాళ్ళు పెద్ద లారీ స్టీరింగ్‌కి సరిపోయే అడ్డకడ్డీ గానీ చక్రానికి వేసే క్లాంప్ గానీ కొనుక్కోవాలి.

ఇక్కడ కూడా రెండో ప్రశ్న గుర్తుంచుకోండి. గాలి వదలడం, చక్రానికి క్లాంపు వేయడం బస్సు వదిలి వెళ్ళేటప్పుడు చేసే పనులు. లోపల పడుకున్న రాత్రి చేయకండి. ఎవరైనా తలుపు బాదుతుంటే మీకు కావలసింది డ్రైవర్ సీట్లో కూర్చుని వెంటనే వెళ్ళిపోవడం. అందుకే ఊళ్ళలో ఆగినప్పుడు మేము బస్సు పక్కన చాపే పందిరి తెరవము, మెట్లు మడిచేస్తాము, మంచం దగ్గరి నుంచి డ్రైవర్ సీటుదాకా నేల మీద ఏమీ ఉంచము. కిందికి దిగకుండానే బయల్దేరగలగాలి.

స్టోరేజ్‌లో వదిలేటప్పుడు ఒక తేలిక ఉపాయం ఉంది. వెనక తలుపు తెరుచుకోనంత దగ్గరగా బస్సును గోడకి వెనక్కి పెట్టి ఆపండి. దొంగ ఎంత ప్రయత్నించినా ఆ తలుపు కదలదు. లోపల మనుషులు పడుకునే రాత్రి మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం, వెనక నాలుగడుగులు ఖాళీ వదలాలి.

6. బయట ఉన్న సామాను

జనరేటర్, 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్, సైకిళ్ళు, 30 లేదా 50 ఆంప్స్ కరెంటు కేబులు. రాగి కోసం కేబులు కూడా పట్టుకుపోతారు. మన ఊళ్ళో రైలెక్కగానే బెర్త్ కింద సూట్‌కేసుకి గొలుసు వేసి తాళం పెట్టేవాళ్ళం గుర్తుందా? అదే పద్ధతి, గొలుసు మాత్రం గట్టిపరచిన ఉక్కుది, కనీసం 10 మిల్లీమీటర్లది కావాలి. గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల ఆసరాగా కట్టర్ నొక్కడం సులువు. బిగుతుగా, పైకి ఉండాలి, కొస బస్సు ఛాసిస్‌కి కలవాలి.

సోలార్ ప్యానెళ్ళకి మామూలు పానాతో తిరగని బోల్టులు వాడండి. లిథియం బ్యాటరీలు బస్సు లోపలే పెట్టండి. 100 ఆంపవర్ల బ్యాటరీ పన్నెండు పదమూడు కిలోలే, ఒక్కడు రెండు చేతులతో రెండు పట్టుకుపోగలడు. మావి అలాగే పోయాయి. ఇప్పుడు వాటి మీద ఇనుప పట్టీ అడ్డంగా వేసి నేలకి బోల్టు చేశాను. డీజిల్ ట్యాంకు 60, 100 గ్యాలన్ల దాకా ఉంటుంది కాబట్టి తాళం మూత పెట్టండి.

పొట్టి బస్సు, అంటే ఫోర్డ్ ఈ-సిరీస్ మీద కట్టిన పెట్రోలు ఇంజన్‌ది మీ దగ్గరుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కూడా దొంగలకి ఇష్టమైనదే. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ కూడా అక్కర్లేదు. దాని చుట్టూ ఉక్కు రేకు పంజరం వెల్డింగ్ చేయించండి.

7. పాస్‌పోర్ట్, బంగారం

మనవాళ్ళకి ఇది వేరే చెప్పాలి. లాప్‌టాప్ పోతే కొనుక్కోవచ్చు. పాస్‌పోర్ట్ పోతే అందులోని వీసా స్టాంపు కూడా పోయినట్టే, దాన్ని అమెరికాలో ఉండి మళ్ళీ వేయించుకోలేరు. తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ వెతుక్కోవడం, స్టాంపింగ్ టెన్షన్ అంతా మళ్ళీ మొదలు. ఐ-797ఏ (వీసా హోదా ఆమోదపత్రం) కింది భాగంలో ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంటుంది, అది పోతే ఐ-102 ఫారం పెట్టాలి. గ్రీన్ కార్డ్ పోతే ఐ-90. పైగా 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ ఆధారం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని ఇక్కడి చట్టం. కాబట్టి బస్సు దిగితే అవి మీతోనే దిగాలి. మేము నడుముకి కట్టుకునే పల్చటి సంచి వాడతాం. కాపీలు ఫోన్లోనూ క్లౌడ్‌లోనూ ఉంటాయి.

బంగారం ఇంట్లోనో బ్యాంకు లాకర్లోనో వదిలి రండి. భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి తెలుసు, చాలా ఊళ్ళ పోలీసులు ఆ సంగతి మనవాళ్ళని హెచ్చరించారు కూడా. ఇండియా నుంచి వచ్చిన అమ్మలకి ఈ మాట చెప్పడం కష్టం. మెడలో పుస్తెలతాడు, చేతికి రెండు గాజులు సరే. మిగతావి "ఎక్కడో ఒకచోట చీరల మడతల్లో" అంటారు. దొంగ కూడా మొదట అక్కడే చూస్తాడని మా అమ్మకి నచ్చజెప్పడానికి నాకు రెండు ట్రిప్పులు పట్టింది.

చిన్న సేఫ్ పెట్టుకుంటే దాన్ని నేలకి బోల్టు చేయండి, కింద బస్సు ఇనుప నేల అడుగున పలక వేసి నట్లు బిగించండి. ఊరికే బీరువాలో పెట్టిన సేఫ్ దొంగకి మీరే మూటకట్టి ఇచ్చినట్టు. పక్కన ఒక పాత పర్సు, అందులో ఇరవై ముప్ఫై డాలర్లు, గడువు తీరిన కార్డులు సులభంగా దొరికేచోట పెట్టండి. తొందరలో ఉన్నవాడు దానితో సరిపెట్టుకుని వెళ్ళిపోవచ్చు.

8. సైరన్, కెమెరా, ట్రాకర్

అన్నిటికంటే చవకైనది మంచం పక్కన ఒక స్విచ్. నొక్కితే బస్సు హారన్ మోగాలి, చుట్టూ ఫ్లడ్‌లైట్లు వెలగాలి. నా లెక్కలో వంద డాలర్ల కెమెరా కంటే ఇది మేలు. కెమెరా పోయాక చూపిస్తుంది, హారన్ పోకముందే అరుస్తుంది.

కెమెరా పెట్టుకుంటే మెమరీ కార్డు మీద మాత్రమే ఆధారపడకండి, దొంగ కెమెరానే పట్టుకుపోతాడు. నెట్ ద్వారా వీడియో వెంటనే బయటికి వెళ్ళాలి. స్టార్‌లింక్ (శాటిలైట్ ఇంటర్నెట్) వాడేవాళ్ళు బస్సు వదిలి వెళ్ళినప్పుడు కూడా దాన్ని నడపాలంటే బ్యాటరీ లెక్క చూసుకోండి. మామూలు డిష్ గంటకి 75 నుంచి 100 వాట్‌అవర్లు తింటుంది. కెమెరా కోసం చిన్న సెల్యులర్ రూటర్ పెట్టుకోవడం తేలిక.

ట్రాకర్లు రెండు పెట్టండి. ఒకటి సిమ్ ఉన్న జీపీఎస్, బస్సు కరెంటుతో నడుస్తూ, వైరు తెంచినా కొన్నాళ్ళు నడిచే సొంత బ్యాటరీ ఉన్నది. రెండోది ఎయిర్‌ట్యాగ్, యాపిల్ అమ్మే చిన్న ట్రాకర్. దానికి నెల అద్దె లేదు, చిన్న సీఆర్ 2032 బ్యాటరీ ఏడాది వస్తుంది. కానీ తెలియని ఎయిర్‌ట్యాగ్ తన వెంట వస్తోందని దొంగ ఫోన్‌కి కబురు పోతుంది, అందుకే అది ఒక్కటే సరిపోదు. రెండిటినీ ఇనుప పెట్టెల్లో దాచకండి, సిగ్నల్ రాదు. ప్లాస్టిక్, ఫైబర్, చెక్క వెనక దాచండి.

9. ఎక్కడ ఆపాలి

తాళాలకంటే ఎక్కువ కాపాడేది ఆపే చోటే. హైవే పక్క పెద్ద ట్రక్ స్టాపుల్లో రాత్రంతా వెలుతురు, మనుషులు ఉంటారు. వాల్‌మార్ట్‌లలో కొన్ని చోట్ల పడుకోనిస్తారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు, లోపలికి వెళ్ళి మేనేజర్‌ని అడిగితే పోయేదేమీ లేదు. రెస్ట్ ఏరియాలకి రాష్ట్రాన్ని బట్టి గంటల పరిమితి ఉంటుంది. టెక్సస్‌లో 24 గంటలు, కాలిఫోర్నియాలో 8.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిషర్‌మన్స్ వార్ఫ్, ట్విన్ పీక్స్ లాంటి చోట్ల కార్ల అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోవడం అందరికీ తెలిసిన బెడద. బస్సును ఊరి బయట ఆర్‌వీ పార్కులో వదిలి రైల్లో లోపలికి వెళ్ళండి. కొండదారుల మొదట్లో ఉండే పార్కింగ్‌లలోనూ జాగ్రత్త. మీరు నడకకి వెళ్తే మూడు నాలుగు గంటలు రారని అక్కడ కాచుకున్నవాడికి తెలుసు. సంచులు సర్దడం, లాప్‌టాప్ దాచడం అక్కడికి చేరాక చేయకండి, ముందే ఎక్కడో ఆగి చేసుకుని రండి.

ఆగాక ఒక్క నిమిషం ఇంజన్ ఆపకుండా చుట్టూ చూడండి. నేల మీద పగిలిన కారు అద్దం ముక్కలు కనిపిస్తే అక్కడ ఆగొద్దు. మీకో, మీ ఆవిడకో ఎందుకో మనసు ఒప్పకపోతే కారణం అడగకుండా బయల్దేరండి. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు ఆ చోటు వదిలాక పెట్టుకోవచ్చు. "గ్రాండ్ కేన్యన్‌లో వారం రోజులు" అని ముందే పెడితే డాలస్‌లో ఇల్లు ఖాళీ అని కూడా చెప్పినట్టే.

10. రాత్రి తలుపు చప్పుడైతే

తలుపు తీయకండి. లోపలినుంచే గట్టిగా ఎవరని అడగండి. పోలీసులని చెబితే, తెర పక్కకి జరిపి చూసి, అనుమానం ఉంటే 911కి (అమెరికా అత్యవసర నంబరు) ఫోన్ చేసి అక్కడికి ఎవరినైనా పంపారా అని అడగండి. ఆ మాట తలుపు అవతల ఉన్నవాళ్ళకి మర్యాదగా చెప్పండి.

వేరేవాళ్ళయితే హారన్, లైట్లు, తర్వాత స్టార్ట్ చేసి వెళ్ళిపోవడం. బయట తిరిగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి ఎక్కకండి. దూరంగా నడిచి వెళ్ళి 911కి చెప్పండి. ప్రతి రాత్రి పడుకునే ముందు ఉన్నచోటు ఒక చీటీ మీద రాసి స్టీరింగ్‌కి అంటించండి: హైవే నంబరు, మైలు రాయి లేదా ఎగ్జిట్ నంబరు, క్యాంప్‌సైట్ అంకె. కంగారులో ఊరి పేరు కూడా నోటికి రాదు. సిగ్నల్ లేని చోట్లకి వెళ్ళేవాళ్ళకి ఐఫోన్ 14, ఆ తర్వాతివాటిలో శాటిలైట్ ద్వారా సహాయం అడిగే సౌకర్యం ఉంది. దాన్ని వాడే పద్ధతి ఇంట్లో ఉండగానే అందరికీ నేర్పండి.

11. కాగితాలు, ఆ తర్వాత

మా దొంగతనంలో ఇన్సూరెన్స్ నుంచి ఒక్క డాలరు రాలేదు. కట్టడం పూర్తికాని బస్సు కాబట్టి మా పాలసీ బండికే వర్తించింది, పనిముట్లకి కాదు. బ్యాటరీల సీరియల్ నంబర్లు కూడా నేను రాసి పెట్టుకోలేదు. మీరలా చేయకండి. వస్తువు కొన్న రోజే రసీదు, సీరియల్ నంబరు ఫొటో తీయండి. బస్సు విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), ప్లేటు, నాలుగు వైపులా ఫొటోలు, ఎక్కడెక్కడ నొక్కు పడిందో కూడా. పైకప్పు మీద పెద్ద అంకె ఒకటి రాయండి. స్కూల్ బస్సుల పైన హెలికాప్టర్‌కి కనపడేలా అంకెలు రాసే పద్ధతి ఉంది, అది మనకీ పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని మూడు సూటి ప్రశ్నలు అడగండి. టైటిల్‌లో (బండి యాజమాన్య పత్రం) మోటార్‌హోమ్ అని మారేదాకా ఏది వర్తిస్తుంది? నేను బిగించిన సోలార్, బ్యాటరీలు లెక్కలోకి వస్తాయా? లోపలి సామాను ఏ పాలసీ కిందికి వస్తుంది? చాలాసార్లు సామాను మీ ఇంటి లేదా రెంటర్స్ (అద్దెకుండేవాళ్ళ) పాలసీ కిందికి వస్తుంది, కానీ నగల దొంగతనానికి మామూలు ఇంటి పాలసీలో పరిమితి సాధారణంగా 1,500 డాలర్లే. అంతకంటే ఎక్కువ కావాలంటే నగలు విడిగా రాయించాలి.

దొంగతనం జరిగితే ఏదీ ముట్టుకోకుండా ముందు ఫొటోలు తీయండి. పోలీస్ రిపోర్ట్ నంబరు తీసుకోకుండా కదలకండి. ఇన్సూరెన్స్‌కీ, పోయిన భారత పాస్‌పోర్ట్ మళ్ళీ తీసుకోవడానికీ అదే కావాలి. బస్సే పోతే విన్ నంబరు చెప్పగానే పోలీసులు దాన్ని దేశమంతటి జాబితాలో ఎక్కిస్తారు. ట్రాకర్ ఎక్కడ చూపిస్తోందో వాళ్ళకి చెప్పండి, మీరు వెంటపడి వెళ్ళకండి.

ఆ సాయంత్రమే, చీకటి పడకముందు, వాళ్ళు వచ్చిన దారి మూసేయండి. ఒకసారి సులువుగా దొరికిన చోటికి మిగిలిన సామాను కోసం మళ్ళీ వస్తారు. మా పక్క స్థలంలో ఆర్‌వీ పెట్టుకున్న పెద్దాయన ఆ శనివారం నాకు రెండు మందపాటి పలకలు, నాలుగు బోల్టులు తెచ్చి ఇచ్చి, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. వెనక తలుపు లోపలి గడియ ఇప్పటికీ ఆ బోల్టుల మీదే ఉంది.